ఫిరంగి అంచు చీర

ఆ రోజుల్లో హిందూపురంలో తెలివితక్కువ వ్యాపారాలు చేయడానికి గట్టి పోటీ ఉండేది. ధర పెరుగుతుందని గోడౌను నిండా బెల్లం అచ్చులు పేర్చి, చివరికి ఊరి చీమలకు సంతర్పణ చేసినాయన ఒకరు. వాన మొహం చూడని ఊళ్ళో గొడుగుల అంగడి పెట్టినాయన ఇంకొకరు. వాళ్ళందరి మీదా నాదే పైచేయి అని ఈ రోజుకీ గర్వంగా చెప్పుకుంటాను. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవలసిన ఊళ్ళో, ఇరవై మూడేళ్ళ వయసులో, సముద్రపు ఒడ్డును కాపలా కాసే ఫిరంగిని అంచులో పెట్టి పట్టుచీరలు నేయించినదాన్ని నేను. అదీ ఒకటి కాదు, మూడు. నన్నెవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ మోసం చేయలేదు. పూర్తి స్పృహలో, బేరమాడి, బయానా తీసుకుని మరీ చేశాను. మళ్ళీ అవకాశం వస్తే చేస్తావా అని అడిగేవాళ్ళకు నా జవాబు ఒకటే: చేస్తాను, కాకపోతే ఈసారి బయానా ఎక్కువ తీసుకుంటాను.

మా నాయనది పట్టుచీరల అంగడి. రెండు మంచాలు వేస్తే మూడోదానికి చోటు లేనంత వెడల్పు. అక్షరాల కంటే ముందు నాకు బేరం వచ్చింది. పలక కొనడానికి పోయినప్పుడు పలక ధర తగ్గించమని అడిగానని మా అవ్వ చెప్పేది (అవ్వ కొంచెం పెంచి చెప్పే మనిషి, కాబట్టి బలపం ధర అయి ఉంటుంది). అంగడిలో నాకు పోటీగా మా చిన్నాయన కొడుకు ఉండేవాడు. గిరాకీ ఎవరైనా మొహం చిట్లిస్తే చాలు, "రౌండు ఫిగరు చేసుకోండి" అని పైనున్న అంకెలన్నీ దులిపేసేవాడు. అందుకని వాడికి రౌండు ఫిగరు అనే పేరు స్థిరపడింది. నేను పైసా వదిలేదాన్ని కాదు. అయినా తన తర్వాత గల్లా పెట్టె వెనక కుర్చీలో కూర్చునేది ఎవరు అన్న మాట వచ్చినప్పుడల్లా నాయన కళ్ళు వాడి వైపే పోయేవి. నేను చీరలు పరిచి చూపించాలి, మళ్ళీ మడతలు పెట్టాలి, డబ్బు వాడు లెక్కపెట్టాలి. ఆ కుర్చీకి ఒక చేయి విరిగి ఉండేది, కూర్చుంటే కిర్రుమనేది. ఆ కిర్రు నాది కావాలని నాకుండేది.

అలాంటి రోజుల్లో పెనుకొండ నుంచి ఒక పెద్దాయన అంగడికి వచ్చాడు. సైన్యంలో చేసి రిటైరైన మనిషి. నిటారుగా నిలబడి, చంకలో చుట్టి పెట్టుకున్న గోధుమరంగు కాగితాన్ని మా పరుపు మీద పరిచాడు. దాని మీద ఒక ఫిరంగి బొమ్మ. మామూలు బొమ్మ కాదు, మేకు మేకు లెక్కపెట్టి గీసింది. విక్టోరియా రాణి చివరి కాలంలో, శత్రువుల ఓడలు ఎప్పుడు వచ్చి మీద పడతాయోనన్న భయంతో ఇంగ్లీషువాళ్ళు రేవుల పక్కన పెట్టించిన పెద్ద ఫిరంగుల్లో అదొకటి. ఈయన పటాలంలో చేరేనాటికే దానికి పని లేదు. అయినా తుప్పు పట్టకుండా దానికి నూనె పూయడం పడుచుతనంలో ఈయన డ్యూటీ. (అప్పటికప్పుడు నేను ఆయనకు ఫిరంగి సారు అని పేరు పెట్టేశాను. ఇంతవరకూ అసలు పేరు అడగలేదు.)

"చూడమ్మా, ఇది వెనక నుంచి గుండు పెట్టేది," అని వేలితో చూపించాడు. "అంతకు ముందువి పొట్టిగా, లావుగా ఉండేవి. నోట్లోనే కూరాల. ఇది ఎంత పొడుగుందో చూడు. ఇంకో సంగతి ఏమంటే, ఇది గోడ వెనక గుంతలో ఉంటాది. తల ఎత్తి కాలుస్తాది. కాల్చిన దెబ్బకు అదే వెనక్కి వంగి గుంతలో దాక్కుంటాది. ఆడనే మళ్ళా గుండు నింపుకుంటాది. శత్రువుకు కనపడేది ఆ ఒక్క గడియే."

మా నాయన శ్రద్ధగా విని, "అప్పు తీసుకున్నోని మాదిరి అన్నమాట," అన్నాడు.

ఫిరంగి సారు ఆ మాట పట్టించుకోలేదు. "నేనున్న చోట అది అన్నేండ్లు సముద్రం పక్క చూస్తానే ఉండె. ఒక్క ఓడ రాలే. ఒక్క గుండు పేలలే. అయినా సరే, నా బతుకులో నేను చూసిన అందమైన వస్తువు అదొక్కటే. మాకు పెండ్లయి నలభై ఏండ్లు అవుతాది. మా ఇంటామెకు నేను ఏమీ ఇచ్చింది లేదు. దీన్ని అంచులో పెట్టి ఒక పట్టుచీర కావాల."

నాయన నన్ను పక్కకు పిలిచాడు. "పాపా, వద్దు. కొత్త బొమ్మకు కొత్త అట్టలు కొట్టించాల. పడుగు ఒకటి వేస్తే మూడు చీరలు వస్తాయి. ఆయన కొనేది ఒకటి. తక్కిన రెండూ ఎవురు కట్టుకుంటారు, ఓడలోళ్ళ పెండ్లాలా?"

"నేను అమ్ముతా."

"అమ్మలేకపోతే?"

ఆ ప్రశ్న వేసినప్పుడు ఆయన చూపు మళ్ళీ రౌండు ఫిగరు వైపు పోయింది. వాడు గల్లా దగ్గర కూర్చుని, వినపడనట్టు ముఖం పెట్టి, అన్నీ వింటున్నాడు. నాకు ఎక్కడో కాలింది. "అమ్మలేకపోతే ఆ గల్లా తాళం వానికే ఇచ్చేయ్," అన్నాను. "అమ్మితే నాకియ్యి."

"శ్రావణం అయ్యేలోపల మూడూ గడప దాటాల. ఒక్కటి మిగిలినా నువ్వు జీవితాంతం మడతలు పెట్టుకో," అన్నాడు నాయన. రౌండు ఫిగరు అప్పుడు మాత్రం వినపడ్డట్టు ముఖం పెట్టాడు.

తర్వాత రంగు దగ్గర పెద్ద బేరం నడిచింది. ఫిరంగి సారుకు చీర మొత్తం గచ్చు రంగులో కావాలట, ఎందుకంటే ఫిరంగి ఉండే గుంత గచ్చుతో కట్టింది కాబట్టి. పట్టులో గచ్చు రంగు నేయిస్తే మగ్గం కూడా ఏడుస్తుందని నేను చెప్పాను. చివరికి బెల్లం రంగు ఒంటికి, నీలం కొంగుకు ఒప్పుకున్నాడు. కొంగు సముద్రమనీ, అంచులోని ఫిరంగులన్నీ కొంగు వైపే చూస్తుంటాయనీ నేను చెప్పిన తర్వాతే బయానా తీశాడు. ఎదురెదురుగా పెడితే ఒకదాన్నొకటి కాల్చుకుంటాయని ఆయన భయం.

మర్నాడు పాసింజరులో ధర్మవరం పోయాను. మా అంగడికి నేసే మగ్గం మామ నన్ను అట్టలు కొట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: మగ్గం మీద బొమ్మ రావాలంటే దానికి బెజ్జాలు కొట్టిన అట్టలు ఉండాలి. ఒక్కో అడ్డపోగుకు ఒక్కో అట్ట. బొమ్మ ఎంత పొడుగైతే అన్ని అట్టలు, ఎన్ని అట్టలైతే అంత డబ్బు. అట్టలాయన కాగితం మీద ఫిరంగిని ఈ చివర నుంచి ఆ చివరకు కొలిచి, నోట్లోని వక్క పక్కకు జరిపి ఒక మొత్తం చెప్పాడు. నాకు బయానా అంతా కళ్ళ ముందే ఆవిరైనట్టు అనిపించింది.

ఇక్కడే నా పెంపకం పనిచేసింది. మా అంగడిలో చీర చూపించడానికి ఒక పద్ధతి ఉంది. కొంగు పరుస్తాం, అంచు చూపిస్తాం, కట్టుచెరగు తడిమిస్తాం. కుచ్చిళ్ళలోకి పోయే నడిమి భాగాన్ని ఎవరూ విప్పమనరు, మేం విప్పం. లోకంలో ప్రతి వస్తువుకూ రెండు చివర్లే ముఖ్యమని, మధ్యలో ఉన్నది చోటు నింపడానికేనని నేను మనసారా నమ్మిన రోజులవి.

"అన్నా, ఈ నోరు ఉండాల. వెనక తలుపు ఉండాల. మధ్యలో ఏముండాది? వట్టి గొట్టమే కదా," అన్నాను. "ఈడ్నుంచి ఈడికి తీసేయ్."

"తీసేస్తే పొట్టిదైతాది కదమ్మా."

"గొట్టం గొట్టమే కదన్నా. ఎంతున్నా ఒకటే మాదిరి ఉంటాది. ఎవురు చూస్తారు?"

అట్టలాయన మగ్గం మామ వైపు చూశాడు. మగ్గం మామ నా వైపు చూశాడు. నేను ధర్మవరం మొత్తాన్ని బేరంలో ఓడించినదానిలా కూర్చున్నాను. ఆదా చేసిన డబ్బులో కొంత పెట్టి ముగ్గురికీ టీ చెప్పాను కూడా.

మొదటి చీర మగ్గం దిగినప్పుడు మామ దాన్ని గుమ్మం వెలుతురులో పట్టుకుని, "బాగొచ్చిందమ్మా. జరీ మెరుస్తాండాది. పన్నీరు బుడ్డి కదా ఇది?" అన్నాడు.

"ఫిరంగి, మామా."

ఆయన మళ్ళీ చూశాడు. తల పక్కకు వంచి ఇంకోసారి చూశాడు. "సర్లే, ఫిరంగే అనుకుందాం," అని మడత పెట్టి ఇచ్చాడు.

పెనుకొండలో కొండ కింద వీధిలో ఫిరంగి సారు ఇల్లు. నేను పోయేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, చేతులు కడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. చీర విప్పాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని అంచు మీదకు వంగాడు. ఒక ఫిరంగి చూశాడు. దాని పక్కది చూశాడు. అలా చూసుకుంటూ కొంగు దాకా పోయి, సముద్రం దగ్గర ఆగిపోయాడు.

"ఇది ఏందమ్మా?"

"మీ ఫిరంగే సార్."

"నాది కాదు. ఇది నాదానికి ముందుది. నోట్లో కూరే పొట్టిది. నాది పెట్టేదానికి దీన్ని పెరికి గడ్డిలో పారేసినారు." ఆయన గొంతు పెరగలేదు, అదే నాకు భయం వేసింది. "ఆ పొట్టిదాంట్లో మందు ఒక్కసారి భగ్గుమంటాది, అంతటితో అయిపాయె. నాదాంట్లో మందు నిదానంగా కాలుతాది. గొట్టం పొడుగునా గుండును తోసుకుంటా, తోసుకుంటా పోతాది. ఆ పొడుగే దాని బలం. నువ్వు ఆ పొడుగునే కోసి పారేస్తివి. ఎందుకు కోస్తివి?"

డబ్బు మిగల్చుకోవడానికని నిజం చెప్పేయొచ్చు. కానీ ఓడిపోయానని ఒప్పుకోవడం మా వంశంలో లేదు. "సార్, కాల్చినాక దాక్కుంటాదని మీరే చెప్పినారు," అన్నాను. "ఇప్పుడు సగం దాక్కుని ఉండాది అనుకోండి."

ఆయన నవ్వలేదు. "బయానా వాపసు ఇచ్చి, దీన్ని తీసుకుని పో."

నేను కదల్లేదు. కదిలితే పోయేది చీర కాదు, కుర్చీ. మంచం పట్టె గట్టిగా పట్టుకుని, నేత బాగుందా లేదా చెప్పమన్నాను. జరీ ముట్టుకుని చూడమన్నాను. రంగు మీరు చెప్పిందే కదా అన్నాను. కొంగు నీలం ఇంకెక్కడైనా ఇంత బాగా కుదురుతుందా అన్నాను. ఫిరంగి గురించి తప్ప అన్నిటి గురించీ మాట్లాడాను. ఆయన అన్నిటికీ అవునంటూనే, చీరను మాత్రం నా వైపు తోస్తున్నాడు. నేను ఆయన వైపు తోస్తున్నాను. అలా తోసుకుంటున్నప్పుడు లోపలి నుంచి ఆయన భార్య తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. చీర ఆవిడ కోసమని ఆవిడకు అప్పటిదాకా తెలియదు. మా ఇద్దరి మధ్య వేలాడుతున్న అంచును ఒక చేత్తో పట్టుకుని చూసింది.

"ఇది మన క్వార్టర్స్ ముందర పడుండేది కదా," అంది.

ఫిరంగి సారు తోయడం ఆపాడు.

"ఇదే. ఇట్లనే లావుగా, కడవ మాదిరి ఉండె," అని నాతో చెప్పింది. "పెండ్లయి కొత్తగా ఆ ఊరికి పోతిమి. నాకు ఆడ భాష రాదు, మాట్లాడే మనిషి లేదు. ఈయప్ప పొద్దున లేస్తానే పోయి ఆ పొడుగుదానికి నూనె పూస్తాండె. దాని దగ్గరికి ఆడోళ్ళను రానీరు. నాకు ఇదే దిక్కు. దీని మీద వడియాలు ఎండబెట్టుకుంటి. దీని మీదనే కూర్చుని ఏడిస్తి, దీని మీదనే కూర్చుని సముద్రం చూస్తి. ఎండకు వెచ్చగా ఉండేది. ఒకసారి పిల్లి దీని నోట్లో ఈనింది. నాలుగు పిల్లలు."

"నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాడు ఫిరంగి సారు.

"నువ్వు యాడ అడిగితివి? నలభై ఏండ్ల నుంచి నీది లేస్తాది, పేలుతాది, దాక్కుంటాది అని చెప్తానే ఉండావు. ఒకసారన్నా పేలిందా అది?"

ఆయన మంచం మీద కూర్చున్నాడు. కళ్ళద్దాలు తీసి, "ఆ పిల్లులను నేనూ చూసినా," అన్నాడు మెల్లగా. "నూనె గుడ్డలు కనపడకుండా పోతాంటే, ఎవురు తీసుకుపోతాండారా అనుకుంటి."

"నేనే. వాటి కింద పరిచేదానికి."

నా కళ్ళు తడిసిన మాట నిజమే. అయితే ఆవిడ అంత సమయం ఇవ్వలేదు. చీర భుజం మీద వేసుకుని నా వైపు తిరిగి, "ఎంతమ్మా?" అంది. ధర చెప్పాను. "పొట్టిదానికి పొడుగుదాని దుడ్లు ఎట్ల అడుగుతావు?" అంది. ఆ ఒక్క మాటకు ఐదు వేలకు దిగాను. నా జీవితంలో నేను న్యాయంగా ఓడిన మొదటి బేరం అది.

రెండు చీరలు మిగిలాయి. అంగడిలో మంచి వెలుతురు పడే చోట వేలాడదీశాను. రౌండు ఫిగరు తనకు తోచిన సాయం చేయబోయాడు. కనగానపల్లి వైపు నుంచి వచ్చిన ఒకామె అంచు తడిమి చూస్తుంటే, "పన్నీరు బుడ్డి అక్కా, శుభం. రౌండు ఫిగరు చేసుకో," అన్నాడు. మామూలుగా అయితే నేను ఆ మాటకు వంత పాడేదాన్నే. కానీ పెనుకొండ నుంచి వచ్చిన తర్వాత నాకు ఆ పొట్టిదాని మీద ఒక రకమైన పౌరుషం వచ్చింది.

"అబద్ధం అక్కా. అది ఫిరంగి," అన్నాను.

నాయన గల్లా వెనక నుంచి కళ్ళు మూసుకున్నాడు. ఆమె చేయి మాత్రం అంచు మీద నుంచి తీయలేదు. "ఫిరంగేనా? నిజం చెప్పు."

"నిజంగా ఫిరంగే."

"మా మరిదితో భూమి కేసు నడుస్తాండాది. వాయిదా వాయిదాకూ కోర్టుకు పోతాండా. వాడు నన్ను చూసి నవ్వుతాడు, గొర్రెలు మేపుకునేదానికి కోర్టేందని. గొర్రెలు అమ్మిన దుడ్లతోనే ఇది కొని, ఈసారి కట్టుకుని పోతా."

"ఆయనకు అది ఫిరంగని తెలుస్తాదా అక్కా?"

"ఏం బొమ్మని అడుగుతాడు కదా. అప్పుడు చెప్తా."

ఇంత గొప్ప మనిషికి ధర తగ్గించకుండా ఎలా ఉంటాను అని నేను అనుకునే లోపల, ఆమే అసలు ఖరీదు కంటే కిందికి లాగేసింది. కానీ చీర గడప దాటింది. తర్వాత కేసు ఏమైందో తెలియదు. గెలిచి ఉంటుందనే నా నమ్మకం.

మూడోది కదల్లేదు. శ్రావణం మొత్తం వేలాడింది. పెళ్ళిళ్ళవాళ్ళు వచ్చారు, చూశారు, ఏమిటని అడిగారు, చెప్పాను, పక్క చీర కొనుక్కుపోయారు. మాసం చివరి రోజు పొద్దున రౌండు ఫిగరు గల్లా కుర్చీ మీద కొత్త పరుపు వేసుకున్నాడు. అది చూసి నేను వేలాడుతున్న చీర తీసి, లోపలి గదిలోకి పోయి కట్టుకున్నాను. బయటికి వచ్చి, అంగడి గడప దాటి వీధిలో నిలబడ్డాను. ఎదురు అంగడివాళ్ళు చూస్తున్నారు. మా నాయన చూస్తున్నాడు.

"ఏం పాపా, అంగడి సరుకు కట్టుకుంటివి?"

"గడప దాటాల అంటివి. దాటింది."

"అమ్ముడుపోయి దాటాల."

"అయితే బిల్లు రాయి."

"దుడ్లు?"

"నా జీతంలో పట్టుకో."

"నీకు జీతం యాడుండాది?"

"అదే నాయనా, నేనూ అడుగుతాండా."

నాయన నన్ను, చీరను, అంచులోని పొట్టి ఫిరంగులను వరసగా చూశాడు. అవన్నీ కొంగు వైపే చూస్తున్నాయి గానీ, ఆ సమయానికి కొంగు నా చేతిలో ఉంది, చేయి ఆయన వైపు ఉంది. తర్వాత ఇద్దరం కూర్చుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బేరమాడాం. నెలకు ఎంత, నెలనెలా ఎంత కోత, పండగకు కొత్త చీర ఉందా లేదా. గిరాకీలు వచ్చి కూర్చుని విన్నారు. ఒకావిడ నా పక్షాన మాట్లాడింది కూడా. రౌండు ఫిగరు రెండుసార్లు టీ తెచ్చాడు, రెండోసారి నాకే ముందు ఇచ్చాడు. చివరికి జీతం కుదిరింది. నెలంతా వేలాడిన చీరకు తను చెప్పిన నాలుగు వేల దగ్గర మాత్రం నాయన ఒక్క రూపాయి దిగలేదు. సొంత కూతురికి కొంచెమైనా తగ్గించవా అని అడిగితే, కుర్చీ మీద పరుపు తీసి రౌండు ఫిగరు చేతిలో పెట్టి, "గల్లాలో కూర్చునేటోళ్ళకు తగ్గింపు యాడిది?" అన్నాడు.

ఆ కుర్చీ ఇప్పటికీ కిర్రుమంటుంది. కొత్తది కొనమని అందరూ అంటారు, బాగు చేసేవాడు అడిగిన ధర నాకు నచ్చక అలాగే ఉంచాను. ఫిరంగి సారూ లేడు, వాళ్ళావిడా లేదు. నా చీర మడతల దగ్గర చీలింది, జరీ నల్లబడింది. ఎప్పుడైనా బయటికి తీసి పరిస్తే, బెల్లం రంగు పట్టు కట్టుకుని నడివీధిలో నిలబడి సొంత నాయనకు గురిపెట్టిన ఆ పిల్ల కనపడుతుంది. దానికున్న ధైర్యంలో సగం ఇప్పుడు నాకుంటే, ఆ కుర్చీ చేయి ఎప్పుడో బాగుపడేది.

ఇక లెక్క. మూడు చీరల పట్టు, జరీ, నేత కూలి పన్నెండు వేలు. అట్టలకు రెండు వేల నాలుగు వందలు (గొట్టం కోసినందువల్ల ఆదా ఆరు వందలు, గర్వంగా). ఖర్చు మొత్తం పద్నాలుగు వేల నాలుగు వందలు. పెనుకొండ నుంచి వచ్చింది ఐదు వేలు, కనగానపల్లి నుంచి మూడు వేల తొమ్మిది వందలు, నా జీతం నుంచి నాలుగు వేలు. వచ్చినదంతా పన్నెండు వేల తొమ్మిది వందలు. నష్టం పదిహేను వందలు. రౌండు ఫిగరే.